గేటు దాటినా ఆ నీళ్లు మీవే

ప్రశ్న: బాలానగర్ దగ్గర మాకు చిన్న ప్లేటింగ్ షాపు ఉంది. మా నాన్నగారు 1994లో పెట్టారు. బోల్టులు, క్లాంపులు, బ్రాకెట్లకు జింక్ ప్లేటింగ్ (తుప్పు పట్టకుండా జింక్ పూత) జాబ్ వర్క్ చేస్తాం. ఎనిమిది మంది పనిచేస్తారు. మూడేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) కన్సెంట్ గడువు 2017లో అయిపోయింది, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. సైనైడ్ జింక్ ట్యాంకు, యాసిడ్ ట్యాంకు, పసుపు పాసివేషన్ (పూత మీద చివర్లో వేసే రసాయన పొర) అన్నీ ఒకే షెడ్డులో ఉన్నాయి. కడిగిన నీళ్లన్నీ వెనకాల ఒకే గుంతలో పడతాయి. నెలకు రెండుసార్లు 5,000 లీటర్ల ట్యాంకర్ వచ్చి తీసుకుపోతుంది. ఎక్కడికని మేం ఎప్పుడూ అడగలేదు. సరుకు కడిగే రిన్స్ ట్యాంకు మీద నల్లా మాత్రం రోజంతా నడుస్తూనే ఉంటుంది. ఇప్పుడు మా పెద్ద కస్టమర్ ఆడిట్ అంటూ సీఎఫ్‌ఓ (షాపు నడపడానికి పీసీబీ ఇచ్చే కన్సెంట్), దుండిగల్ మానిఫెస్టులు (అక్కడి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి సరుకు పంపిన చీటీలు) అడుగుతున్నారు. ఒకాయన 40,000 ఇస్తే పాత తేదీలతో కాగితాలన్నీ ఇప్పిస్తానంటున్నాడు. మా ఎదురు లేత్ షాపు వాళ్లకి ఇవేమీ అక్కర్లేదట. నాన్నగారేమో "ముప్పై ఏళ్లు ఇలాగే నడిచింది, మన నాలుగు చుక్కలతో మూసీ పాడైందా? ఎలాగూ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) బయటికి పొమ్మంటారు, ఇప్పుడు ఖర్చెందుకు" అంటున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మిగతా విషయాలన్నీ తర్వాత. మీ ఉత్తరంలో "ఒకే గుంత" అన్న మాట చదవగానే నా గుండె ఆగినంత పనైంది. ముందు దాని గురించే చెప్తాను.

సైనైడ్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లూ, యాసిడ్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లూ ఒకచోట కలవకూడదు. కలిస్తే హైడ్రోజన్ సైనైడ్ అనే విషవాయువు పుడుతుంది. రిన్స్ నీళ్లు పల్చగా ఉండటం వల్ల ఇన్నాళ్లూ ఏమీ కాలేదేమో. కానీ పాత యాసిడ్ మార్చిన రోజున ఎవరో ఒకరు ఆ పాత యాసిడ్‌ను బకెట్లతో అదే గుంతలో పోస్తారు. ప్రమాదం ఆ రోజే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటిదే కళ్లారా చూశాను. యాసిడ్ డ్రైనూ సైనైడ్ డ్రైనూ ఒకే కాలవలో కలిపారు. దాన్ని శుభ్రం చేయడానికి వంగిన కుర్రాడు ఉన్నచోటే కూలబడిపోయాడు. పక్కనున్న మేస్త్రీ కాలర్ పట్టుకుని బయటికి ఈడ్చాడు కాబట్టి బతికాడు. ఆ కుర్రాడి చేతిలో జారిపోయిన చీపురుకట్ట నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

అందుకని ఈ ఉత్తరం చదివిన రోజే రెండు పనులు చేయండి. ఆ గుంతలోకి ఎవరినీ దింపకండి, క్లీనింగ్ కోసం కూడా వద్దు. యాసిడ్ నీళ్లకు వేరే డ్రమ్ము, సైనైడ్ నీళ్లకు వేరే డ్రమ్ము, పసుపు నీళ్లకు ఇంకో డ్రమ్ము పెట్టి, వాటి మీద పెయింటుతో తెలుగులోనూ హిందీలోనూ పెద్ద అక్షరాలతో రాయించండి. మీ దగ్గర పనిచేసేవాళ్లలో బిహార్, ఒడిశా పిల్లలు ఉండే ఉంటారు. వాళ్లకు నోటితో కూడా చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. దీనికయ్యే ఖర్చు మూడు డ్రమ్ములు, కాస్త పైపు, అంతే.

ఇక నీళ్ల లెక్క. మీరు ట్యాంకర్ ఎక్కడికి పోతోందని బెంగపెట్టుకున్నారు. మంచిదే, కానీ మీ ఉత్తరంలోనే అంతకంటే పెద్ద ప్రశ్న ఒకటి దాగి ఉంది. రేపు పొద్దున ఒక 20 లీటర్ల బకెట్ తీసుకుని రిన్స్ ట్యాంకు నల్లా కింద పెట్టి, ఫోన్‌లో టైం చూడండి. రెండు నిమిషాల్లో నిండిందనుకోండి. అంటే నిమిషానికి 10 లీటర్లు, 8 గంటల షిఫ్టుకి 4,800 లీటర్లు. నెలకు 25 రోజులు వేసుకుంటే 1,20,000 లీటర్లు. మీ రెండు ట్యాంకర్లు తీసుకెళ్లేది 10,000. మిగతా లక్షా పదివేల లీటర్లు ఎక్కడికి పోతున్నాయి? గుంత కింద నేలలోకి ఇంకుతున్నాయి, లేకపోతే పొర్లి నాలాలో పడుతున్నాయి. ఈ లెక్క మీరు సొంతంగా వేసుకుంటే తప్ప మీ షాపు సంగతి మీకు అర్థం కాదు. ఏ కన్సల్టెంట్ దగ్గరికైనా ఈ అంకె చేతిలో పట్టుకునే వెళ్లండి, లేకపోతే మీకు అక్కర్లేనంత పెద్ద ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు) అంటగడతారు.

నాన్నగారి "నాలుగు చుక్కల" మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది. అలా అన్నారని ఆయన్ని తప్పుపట్టకండి. ఆయన షాపు పెట్టిన రోజుల్లో చుట్టుపక్కల అందరూ అలాగే చేశారు, అడిగినవాళ్లు తక్కువ. ఆయన్ని మీ గల్లీలో ప్లేటింగ్, పౌడర్ కోటింగ్, యానడైజింగ్ షాపులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనండి. ప్రతి షాపులోనూ ఒక్కో నల్లా, ప్రతి షాపులోనూ ఇదే మాట. బాలానగర్, సనత్‌నగర్, కూకట్‌పల్లి వైపు నాలాల్లో పడిన నీళ్లు కూకట్‌పల్లి నాలా మీదుగా హుస్సేన్‌సాగర్ దారి పడతాయి, అక్కణ్నుంచి మూసీ దారి. మధ్యలో కొంత నీటిని మళ్లించి మురుగునీటి శుద్ధి ప్లాంట్లకు పంపుతారు కదా అనొచ్చు. ఆ ప్లాంట్లు నడిచేది బ్యాక్టీరియా మీద. మనుషుల మురుగును బ్యాక్టీరియా తినేస్తుంది. క్రోమియాన్నీ నికెల్‌నీ తినలేదు. లోహం లోహంగానే ఉంటుంది, బురదలోకైనా వెళ్తుంది, నీళ్లతో పాటు కిందికైనా పోతుంది. కింద ఏముంది? పీర్జాదిగూడ దాటాక మూసీ పక్కన ఆ నీళ్లతోనే గేదెలకు పచ్చగడ్డి పెంచుతారు. ఆ పాలు మళ్లీ నగరానికే వస్తాయి. నాన్నగారికి నేనైతే ఈ ఒక్క దారి చూపిస్తాను, ఇంకేమీ వాదించను.

ఇంకో వైపు ఏమైందో అప్పటి మెదక్ జిల్లా (ఇప్పుడు సంగారెడ్డి) వాళ్లనడిగితే చెప్తారు. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల నీళ్లు నక్కవాగులో పడి ఆ కింది పొలాలు పాడైతే, 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. రైతులకు పరిహారం ఇప్పించాల్సి వచ్చింది. డాక్టర్ అల్లాణి కిషన్ రావు గారు దశాబ్దాల పాటు దాని వెంట పడ్డారు. అక్కడ కూడా ప్రతి ఫ్యాక్టరీ తన వాటా చిన్నదే అనుకుంది.

సరే, చట్టం విషయం. మీ ఎదురు లేత్ షాపాయన అబద్ధం చెప్పలేదు. కాలుష్యాన్ని బట్టి పరిశ్రమలను రెడ్, ఆరెంజ్, గ్రీన్, వైట్ అని విడగొడుతూ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) 2016లో జాబితా ఇచ్చింది. హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్, పెయింటింగ్ లేని డ్రై ఇంజనీరింగ్ పని అందులో వైట్. వాళ్లకు కన్సెంట్ అక్కర్లేదు, పీసీబీకి తెలియజేస్తే చాలు. కాకపోతే ఆయన వాడిన ఆయిల్ కూడా ప్రమాదకర వ్యర్థమే, దాన్ని గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి తప్ప గల్లీలో తిరిగే స్క్రాప్ బండికి కాదు. మీ సంగతి వేరు. ఎలక్ట్రోప్లేటింగ్, పికిలింగ్ (యాసిడ్‌తో తుప్పు వదిలించడం) రెడ్ కేటగిరీ. ఎనిమిది మందే కదా, చిన్న యూనిట్టే కదా అన్న మినహాయింపు లేదు. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద టీజీపీసీబీ (తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి) నుంచి సీఎఫ్‌ఓ ఉంటేనే షాపు నడపాలి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద ఆథరైజేషన్ కూడా కావాలి, ఎందుకంటే మీ ట్యాంకుల అడుగున పేరుకునే స్లడ్జ్ ఆ జాబితాలో ఉంది. బోరు ఉంటే వాల్టా (భూగర్భ జలాల వాడకాన్ని చూసే) చట్టం కింద దాని అనుమతి కాగితం కూడా వెతికి పెట్టుకోండి.

పాత తేదీల కాగితాల మాట. దయచేసి ఆ మనిషికి ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పండి. మీకు 2017 నుంచి కన్సెంట్ లేదు, అది ఒక తప్పు. దొంగ మానిఫెస్టు కొంటే అది ఇంకో తప్పు, మొదటిదానికంటే చాలా పెద్దది. మొదటిది సరిదిద్దుకోవచ్చు. రెండోది దొరికిన రోజున మీ కస్టమరూ పోతాడు, మీ మాటకి విలువా పోతుంది. అది దొరకడం కష్టమేమీ కాదు. మానిఫెస్టు అంటే ఏడు రంగుల కాపీల సెట్టు. మీరు సరుకు పంపినప్పుడు తెల్ల కాపీ పీసీబీకి పోతుంది, డ్రైవర్ సంతకంతో పసుపు కాపీ మీ దగ్గర ఉంటుంది. అవతల సరుకు అందుకున్నవాళ్లు సంతకం పెట్టి నీలం కాపీ మీకు తిరిగి పంపుతారు, ఆకుపచ్చ కాపీ పీసీబీకి పంపుతారు. దుండిగల్ రిజిస్టర్‌లో లేని లారీ మీ ఫైల్లో ఉంటే, సరిపోల్చి చూసిన మొదటి మనిషికే తెలిసిపోతుంది. పసుపు కాపీ చేతిలో ఉండి నీలం కాపీ రాకపోతే కంగారు పడాల్సింది మీరే. ఇప్పుడు మీ దగ్గర రెండూ లేవు, మీ ట్యాంకర్ గురించి అడగాల్సిందంతా అందులోనే ఉంది. చీటీ ఇవ్వని ట్యాంకర్ ఎక్కడ ఖాళీ అవుతుందో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. రాత్రి, వాన పడుతున్నప్పుడు, ఏదో ఒక చెరువు కట్ట పక్కన. దాన్ని ఆపేయండి.

కస్టమర్‌కి నిజం రాయండి. "మా సీఎఫ్‌ఓ గడువు ముగిసింది, రెన్యువల్‌కి ఫలానా తేదీన అప్లై చేశాం, సైనైడ్ ఆపుతున్నాం, ఈటీపీ పని ఫలానా నెలకు పూర్తవుతుంది" అని తేదీలతో ఒక పేజీ. వెండర్ ఆడిట్లు చేసేవాళ్లతో నాకున్న అనుభవంలో, ప్లాన్ ఉన్న చిన్న షాపుకు ఆరు నెలల టైం ఇచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్లకీ మీలాంటి షాపు మళ్లీ వెతుక్కోవడం తలనొప్పే.

పీసీబీ అంటే భయం సహజం. సనత్‌నగర్‌లోని పర్యావరణ్ భవన్ మీకు దగ్గరే. అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే. మీరు తర్వాత బ్యారెల్ లైన్ (చిన్న సరుకును తిరిగే పీపాలో ప్లేటింగ్ చేసేది) ఏమైనా కొత్తగా పెట్టి ఉంటే దాచకండి, పాత కన్సెంట్‌లో ఉన్న సామర్థ్యం, ఇప్పుడున్న సామర్థ్యం రెండూ రాయండి. ఆలస్యం చేస్తే ఏమవుతుందో కూడా ఒకసారి చూడండి. పర్యావరణ పరిహారానికి సీపీసీబీ ఇచ్చిన సూత్రం ఇది: రెడ్ కేటగిరీకి 80, రేటు 250, చిన్న యూనిట్‌కి 0.5, హైదరాబాద్ అంత జనాభా ఉన్న ఊరికి 1.5. అన్నీ గుణిస్తే రోజుకి 15,000 రూపాయలు. నెల రోజుల ఉల్లంఘన అని లెక్క కడితే నాలుగున్నర లక్షలు. మిమ్మల్ని బెదిరించడానికి కాదు, ఖర్చెందుకు అన్న నాన్నగారి ప్రశ్నకు అంకెల్లో జవాబు ఉండాలని రాస్తున్నాను.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగానికి వస్తాను, ట్యాంకుల దగ్గరికి. చాలామంది ముందు ఈటీపీ కొని తర్వాత షాపు వైపు చూస్తారు. మీరు అలా చేయకండి. సైనైడ్ జింక్ బదులు ఆల్కలైన్ నాన్-సైనైడ్ జింక్ ఎన్నో ఏళ్లుగా మార్కెట్లో ఉంది. క్లీనింగ్ బాగా చేయాలి, ట్యాంకు కెమిస్ట్రీ మీద కన్నేసి ఉంచాలి, అంతే తేడా. అలాగే పసుపు పాసివేషన్ బదులు ట్రైవలెంట్ క్రోమియంతో చేసే పాసివేషన్. ఆ పసుపు రంగు హెక్సావలెంట్ క్రోమియంది. అది క్యాన్సర్ కారకం. మీ వర్కర్లలో పాసివేషన్ దగ్గర నిలబడే అతని చేతి వేళ్లు ఒకసారి పట్టుకుని చూడండి. గోరు పక్కన గుండ్రంగా, లోతుగా, నొప్పి లేకుండా మానని పుండు ఉంటే దాన్ని మా రోజుల్లో క్రోమ్ హోల్ అనేవాళ్లం. ఉంటే అతన్ని వెంటనే డాక్టర్‌కి చూపించండి, ఆ పని నుంచి తప్పించండి. గ్లౌజులు మోచేతి దాకా ఉండాలి, చిరిగితే అడక్కుండానే కొత్తవి ఇవ్వాలి. ఇదీ పర్యావరణ బాధ్యతే, షెడ్డు లోపలి పర్యావరణం.

ఈ రెండు మార్పులూ చేశారంటే మీ నీళ్లలోంచి అన్నిటికంటే ప్రమాదకరమైన రెండూ పోతాయి, ఈటీపీ సగం తేలికవుతుంది. మారేదాకా మాత్రం సైనైడ్ నీళ్లను పీహెచ్ 10కి పైన ఉంచి హైపోక్లోరైట్‌తో విడగొట్టాలి. పసుపు నీళ్లను పీహెచ్ 2, 3 మధ్యకు దించి సోడియం మెటాబైసల్ఫైట్ వేయాలి, పసుపు పోయి ఆకుపచ్చకు తిరుగుతుంది. తర్వాత సున్నంతో పీహెచ్ 8, 9 మధ్యకు తెస్తే క్రోమియం అడుక్కి దిగుతుంది. చదవడానికి తేలికగా ఉంది కదా అని వర్కర్ చేతికి వదిలేయకండి, తెలిసిన కెమిస్ట్ పక్కనుండి నేర్పాలి. బయటికి పోయే నీళ్లలో హెక్సావలెంట్ క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము, సైనైడ్ 0.2, జింక్ 5 దాటకూడదు. శాంపిల్ పట్టుకుని గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ఇప్పుడే ఒకసారి పరీక్ష చేయించండి. గచ్చిబౌలిలో ఈపీటీఆర్ఐ (పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధన సంస్థ) ఉంది, అక్కడ సలహా కూడా అడగొచ్చు.

ఖర్చు లేకుండా ఎల్లుండి నుంచే చేయగలిగింది ఒకటుంది. మీ వర్కర్ జిగ్గును (సరుకు తగిలించే ఫ్రేమును) ట్యాంకులోంచి ఎత్తి రిన్స్‌లో ముంచేదాకా ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. పీస్ రేటు తొందరలో రెండు సెకన్లు కూడా పట్టదు. దారి పొడవునా ధారగా కారుతుంది. ట్యాంకు మీద ఒక పైపు అడ్డంగా వేయించి, జిగ్గును దానికి తగిలించి 15 సెకన్లు కారనివ్వండి. ఆ కారేది ట్యాంకులోకే పడుతుంది. అది మీరు డబ్బు పెట్టి కొన్న జింక్, మెరుపునిచ్చే బ్రైట్‌నర్. తర్వాత నడవని నీళ్ల ట్యాంకు ఒకటి పెట్టి మొదటి ముంపు అందులో వేయించండి. లెవెల్ తగ్గినప్పుడు ఆ నీళ్లనే ప్లేటింగ్ ట్యాంకులో నింపుకోవచ్చు. ఆ తర్వాత రెండు రిన్స్ ట్యాంకులు, నీళ్లు మాత్రం సరుకుకి ఎదురుదారిలో. కొత్త నీళ్లు చివరి ట్యాంకులో పడాలి, అక్కణ్నుంచి పొర్లి దాని ముందు ట్యాంకులోకి రావాలి. నల్లా సన్నగా తిప్పినా సరుకు అంతే శుభ్రంగా వస్తుంది. ఇలా మార్చాక మళ్లీ బకెట్ పెట్టి టైం చూడండి. రెండు నిమిషాలకు నిండే బకెట్ పదిహేను నిమిషాలకు నిండుతుంటే, మీరు కొనాల్సిన ఈటీపీ ఎంత చిన్నదైపోయిందో నాన్నగారికి మీరు చెప్పక్కర్లేదు.

మిగతావి గబగబా చెప్తాను. స్లడ్జ్‌ను ఆరబెట్టి, కప్పు ఉన్న చోట, సిమెంటు నేల మీద, లేబుల్ వేసిన బ్యాగుల్లో పెట్టి దుండిగల్ టీఎస్‌డీఎఫ్‌కి (ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి) పంపాలి. మామూలుగా 90 రోజులకు మించి ఉంచకూడదు. ఏడాదికి 10 టన్నుల లోపు వచ్చేవాళ్లకు బోర్డు 180 రోజుల దాకా ఒప్పుకోవచ్చు, అడిగి రాయించుకోండి. ప్రమాదకర వ్యర్థాల వార్షిక రిటర్న్ జూన్ 30 లోపు, ఎన్విరాన్‌మెంట్ స్టేట్‌మెంట్ సెప్టెంబర్ 30 లోపు, ఇవి రెండూ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. యాసిడ్ ట్యాంకు మీద హుడ్, కాస్టిక్ స్క్రబ్బర్ (పొగలోని యాసిడ్‌ను కాస్టిక్ నీళ్లతో కడిగేది) ఉండాలి, పక్కింటి రేకులు తుప్పు పడుతున్నాయంటే మీ పొగ అక్కడికి చేరుతోందని అర్థం. డబ్బు విషయానికొస్తే, ఎంఎస్‌ఈ-గిఫ్ట్ పథకం కింద ఇలాంటి క్లీన్ టెక్నాలజీకి 2 కోట్ల లోపు టర్మ్ లోన్ మీద 2 శాతం వడ్డీ రాయితీ ప్రకటించారు, అది ఇంకా నడుస్తోందేమో మీ బ్యాంకు మేనేజర్‌ను ఆ పేరుతోనే అడగండి.

ఓఆర్‌ఆర్ మాట. కాలుష్య పరిశ్రమలను బయటికి తరలించాలన్న జీవో 2013లో వచ్చింది. అప్పటి నుంచీ "ఎలాగూ పోతాం కదా" అంటూ ఆగినవాళ్లు ఇన్నేళ్లుగా నేలలోకి వదులుతూనే ఉన్నారు. రేపు నిజంగా కదలాల్సి వస్తే మీతో రాగలిగే ఈటీపీయే కొనండి. ఫ్రేము మీద బిగించిన చిన్న యూనిట్లు దొరుకుతాయి, లారీ ఎక్కించి తీసుకుపోవచ్చు. ముప్పై ఏళ్లుగా గుంత కింద ఇంకింది మాత్రం మీతో రాదు. ఆ స్థలం రేపు అమ్మినా, ఇంకేమైనా కట్టినా, ఆ మట్టి అక్కడే ఉంటుంది. పక్కింటి బోరు నీళ్లు ఒక బాటిల్ పట్టి, మీ శాంపిళ్లతో పాటే ల్యాబ్‌కి పంపండి. రిజల్ట్ ఏం వచ్చినా ఆ ఇంటివాళ్లకు చెప్పండి. బాగోలేదని తేలితే తాగడానికి వాడొద్దని అదే రోజు చెప్పాలి. చెప్పేటప్పుడు నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్లండి.